ఇల్లినాయ్ సెనేట్‌లో బరాక్ ఒబామా ఓట్లు

శాసనసభ్యుడు సభలో వేసిన ప్రతి ఓటూ ఆయన పేరుతో సహా నమోదై, ఎవరు అడిగినా చూడగలిగేలా భద్రపడితే, ఆ మొత్తాన్ని అమెరికా రాజకీయాల్లో ఓటింగు రికార్డు అంటారు. ఎన్నికల సభల్లో చేసిన వాగ్దానాలకూ, పత్రికలకు ఇచ్చిన ప్రకటనలకూ లేని నికరత్వం దీనికి ఉంది. ఒక సంస్కరణను నోటితో మెచ్చుకుంటూనే దాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేయించడం ఏ నాయకుడికైనా సాధ్యమే గాని, బిల్లు ఓటింగుకు వచ్చిన నిమిషాన ఆయన ఏ బటన్ నొక్కారన్నది మాత్రం చెరిగిపోదు. అయితే ఆ రికార్డును సరిగా చదవాలంటే ఓటు ఏ నియమాల కింద పడిందో, ఏ బిల్లులు అసలు ఓటింగు దాకా రానే లేదో కూడా తెలిసి ఉండాలి. ఆ రెండూ తెలియకుండా తీర్పు చెప్పేవారు దక్కకూడని మెప్పునూ, తగని నిందనూ కూడా పంచిపెడతారు. ప్రభుత్వ సంస్కరణ, ఎన్నికల నియమాలు అనే రెండు రంగాల్లో ఈ సంగతిని స్పష్టంగా చూపించేది, ఇల్లినాయ్ రాష్ట్ర సెనేట్‌లో 1997 జనవరి నుంచి 2004 నవంబరు దాకా సభ్యుడిగా ఉన్న బరాక్ ఒబామా రికార్డు. ఆయన తర్వాత దేశాధ్యక్షుడు కావడం వల్ల, ఒక రాష్ట్ర శాసనసభ్యుడి ఓట్లను పత్రికలూ ప్రత్యర్థులూ అంత నిశితంగా వెతికి చూసిన సందర్భాలు అరుదు.

ఇల్లినాయ్ శాసనవ్యవస్థ పేరు జనరల్ అసెంబ్లీ. అందులో 59 మంది సభ్యుల సెనేటూ, 118 మంది సభ్యుల ప్రతినిధుల సభా ఉంటాయి. రెండూ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సమావేశమవుతాయి. అక్కడి గవర్నరును ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు కాబట్టి ఆ పదవి భారతదేశంలోని గవర్నరు పదవికన్నా ముఖ్యమంత్రి పదవికి దగ్గరగా ఉంటుంది, కాని ఆయనకు శాసనసభలో సభ్యత్వం ఉండదు, సభలో ఒక బిల్లు ఓడిపోయినంత మాత్రాన ఆయన ప్రభుత్వం పడిపోదు. అందుచేత సభ్యుడు తన పార్టీ గవర్నరు తెచ్చిన బిల్లుకు ఎదురు ఓటు వేసినా పదవికి ముప్పు రాదు, నాయకుల ఆగ్రహం మాత్రం భరించవలసి వస్తుంది. 1970లో ప్రజలు ఆమోదించిన రాష్ట్ర రాజ్యాంగం నాలుగో అధికరణంలోని ఎనిమిదో సెక్షన్ రెండు షరతులు విధించింది. ప్రతి బిల్లు మీదా తుది ఓటింగు పేరుపేరునా నమోదు కావాలన్నది మొదటి షరతు. బిల్లు నెగ్గడానికి ఆ రోజు సభకు వచ్చినవారిలో కాక, సభకు ఎన్నికైన మొత్తం సభ్యుల్లో సగానికి మించి అనుకూలంగా ఓటు వేయాలన్నది రెండోది. అంటే సెనేట్‌లో 30 ఓట్లు, ప్రతినిధుల సభలో 60 ఓట్లు పడి తీరాలి. చూడటానికి చిన్నగా కనిపించే ఈ రెండో షరతు నుంచే ఒబామా రికార్డు మీద వచ్చిన అతి పెద్ద వివాదం పుట్టింది.

సంస్కరణల మాట ఇల్లినాయ్‌లో ఎందుకంత బరువైనదో ఆ రాష్ట్ర చరిత్ర చెబుతుంది. రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా, అంటే వాహనాల లైసెన్సులూ ప్రభుత్వ దస్తావేజులూ చూసే ఎన్నికైన అధికారిగా పనిచేసిన పాల్ పావెల్ 1970లో మరణించినప్పుడు, ఆయన బస చేసిన స్ప్రింగ్‌ఫీల్డ్ హోటల్ గదిలో చెప్పుల పెట్టెల్లోనూ ఇతర చోట్లా దాచిన ఎనిమిది లక్షల డాలర్ల దాకా నగదు బయటపడింది. గవర్నరుగా పనిచేసిన ఆటో కెర్నర్ 1973లో అవినీతి కేసులో దోషి అయ్యారు. లారీ లైసెన్సులకు లంచాలు వసూలైన వ్యవహారంతో మొదలైన దర్యాప్తు చివరికి మరో గవర్నరు జార్జ్ రయన్‌ను 2006లో దోషిగా నిలబెట్టింది. ఎన్నికల విరాళాల వివరాలు వెల్లడించాలన్న చట్టం 1974 నుంచే ఉన్నా, ఒక వ్యక్తి గాని కంపెనీ గాని అభ్యర్థికి ఎంత ఇవ్వవచ్చన్న దానికి రాష్ట్రంలో అప్పట్లో పరిమితే లేదు. అభ్యర్థి తన ప్రచార నిధిలోని డబ్బును సొంత ఆదాయంగా చూపి పన్ను కట్టేస్తే, దాన్ని ఇంటి అవసరాలకు వాడుకోవడాన్ని కూడా చట్టం అడ్డుకునేది కాదు. ఓటరు నమ్మకంతో ఇచ్చిన విరాళం నాయకుడి సొంత జేబులో చేరడం నేరం కాని చోట ఒబామా శాసనసభ్యుడయ్యారు.

ఎన్నికల నియమాలతో ఆయనకు పరిచయం అంతకుముందే ఉంది. 1992లో షికాగోలో నల్లజాతి ఓటర్లను నమోదు చేయించే ప్రాజెక్ట్ ఓట్ ఉద్యమాన్ని ఆయన నడిపారు, అందులో లక్షన్నర దాకా కొత్త ఓటర్లు నమోదయ్యారు. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునే చోటే ఓటరుగా నమోదు చేసుకునే వీలు కల్పించిన 1993 నాటి కేంద్ర చట్టాన్ని ఇల్లినాయ్ అమలు చేయకపోతే, న్యాయస్థానంలో రాష్ట్రాన్ని సవాలు చేసిన న్యాయవాదుల్లో ఆయనా ఒకరు; ఆ కేసులో రాష్ట్రం ఓడిపోయింది. అయితే ఆయన తొలి ఎన్నికలో అవే నియమాలు మరో రూపంలో పనిచేశాయి. షికాగో దక్షిణ ప్రాంతంలోని 13వ సెనేట్ నియోజకవర్గంలో డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీకి, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే తేల్చే తొలి దశ ఎన్నికకు, నామినేషన్ వేయాలంటే ఆ నియోజకవర్గంలోని నమోదైన ఓటర్ల సంతకాలు 757 సేకరించాలి. అప్పటి సెనేటర్ ఆలిస్ పామర్ కాంగ్రెస్‌కు, అంటే అమెరికా కేంద్ర శాసనసభకు, పోటీ చేసి ఓడిపోయి, తిరిగి తన పాత స్థానం కోసం హడావిడిగా సంతకాలు సేకరించి దాఖలు చేస్తే, ఒబామా పక్షం వాటిలో చెల్లనివాటిని ఒక్కొక్కటిగా వేలెత్తి చూపింది. ఆమెతో పాటు మిగిలిన ముగ్గురు పోటీదారుల పత్రాలూ నిలవకపోవడంతో 1996 ప్రైమరీలో ఆయన ఒక్కరే బరిలో మిగిలారు.

ఇది చట్టం ఇచ్చిన హక్కే, తప్పుడు సంతకాలను ప్రశ్నించడం అక్రమం కాదు. కాని ఓటర్ల సంఖ్య పెంచడానికి పాటుపడిన వ్యక్తే ప్రైమరీలో ఆ ఓటర్ల ముందు ప్రత్యర్థి పేరు లేకుండా గెలిచి సెనేట్‌కు వెళ్ళడం ఆయన రాజకీయ చరిత్రలో పక్కన పెట్టలేని విషయం. ఓటింగు రికార్డులో ఇది ఎక్కడా కనబడదు, ఎందుకంటే అది ఆయన సభలో అడుగు పెట్టడానికి ముందు జరిగింది. ఎన్నికల నియమాల గురించి ఒక శాసనసభ్యుడి వైఖరిని అంచనా వేసేటప్పుడు ఆయన ఆ నియమాల మీద వేసిన ఓట్లతో సమానంగా, ఆ నియమాలను ఆయన తన కోసం వాడుకున్న తీరునూ లెక్కలోకి తీసుకోవాలి.

సభలో చేరిన మరుసటి ఏడాదే ఆయన పేరుకు ముడిపడిన ప్రధాన సంస్కరణ వచ్చింది. 1998 నాటి గిఫ్ట్ బ్యాన్ చట్టానికి రూపం ఇచ్చే పనిని ఇరు పార్టీల, ఇరు సభల ప్రతినిధులు కలిసి చేశారు. మాజీ కేంద్ర సెనేటర్ పాల్ సైమన్, సదరన్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తాను స్థాపించిన ప్రజావిధాన సంస్థ తరఫున ఆ చర్చలకు దన్నుగా నిలిచారు. సెనేట్‌లో మైనారిటీ పక్షంగా ఉన్న డెమొక్రాట్ల నాయకుడు ఎమిల్ జోన్స్, తమ పక్షం తరఫున ఎవరిని పంపాలని ఆలోచిస్తున్నప్పుడు, ఒకప్పుడు రాష్ట్ర శాసనసభ్యుడిగానూ కేంద్ర న్యాయమూర్తిగానూ పనిచేసిన ఆబ్నర్ మిక్వా కొత్తగా వచ్చిన ఒబామా పేరు సూచించారు. రిపబ్లికన్ల తరఫున కిర్క్ డిల్లార్డ్ ఆ బాధ్యత తీసుకున్నారు. ఆ బిల్లు మూడు పనులు చేసింది. లాబీయిస్టులు, అంటే కంపెనీల తరఫునో సంఘాల తరఫునో శాసనసభ్యుల చుట్టూ తిరిగి బిల్లులను ప్రభావితం చేయడమే వృత్తిగా ఉన్నవారు, ఇచ్చే కానుకలను చాలా వరకు నిషేధించింది. ప్రచార నిధులను సొంతానికి వాడుకోవడాన్ని ఆపింది. విరాళాల వివరాలను కాగితాల కట్టలుగా కాక ఎలక్ట్రానిక్ రూపంలో దాఖలు చేయించి, ప్రజలు ఇంటర్నెట్‌లో చూసే ఏర్పాటు చేసింది. 1998 మే నెలలో సెనేట్ దాన్ని 52కు 4 ఓట్లతో ఆమోదించింది.

52కు 4 అన్న అంకెను మాత్రమే చూసినవారికి ఆ బిల్లు సునాయాసంగా నెగ్గిందనిపిస్తుంది. నిజానికి మూసిన తలుపుల వెనక జరిగిన పార్టీ సమావేశాల్లో తోటి డెమొక్రాట్లే ఒబామా మీద కోపగించుకున్నారు. తమ రాబడికి గండి కొడుతున్నాడని, జీతంతో మాత్రమే బతకలేనివారి ఇబ్బంది అర్థం చేసుకోవడం లేదని నిష్ఠూరాలాడారు. బహిరంగంగా నమోదయ్యే ఓటు దగ్గరికి వచ్చేసరికి అలాంటి వారిలో ఎక్కువమంది అనుకూలంగానే బటన్ నొక్కారు. కానుకలు కావాలని తన పేరుతో ఓటు వేసి నియోజకవర్గానికి తిరిగి వెళ్ళే ధైర్యం ఎవరికి ఉంటుంది? పేరుపేరునా ఓటు నమోదు కావాలన్న రాజ్యాంగ నియమమే ఇక్కడ సంస్కరణకు పెద్ద అండగా నిలిచింది.

అయినా ఆ చట్టం అసంపూర్ణం. 1998 జూన్ 30 నాటికి తమ ప్రచార నిధిలో ఉన్న మొత్తం మేరకు పాత సభ్యులు సొంతానికి వాడుకునే హక్కును అది అలాగే వదిలేసింది. తిండీ పానీయాల వంటి వాటికి మినహాయింపులు ఇచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, విరాళాలకు పరిమితి అన్న మాటే ఎత్తలేదు. ఒబామా, డిల్లార్డ్ కోరుకున్నది ఇంకా ఎక్కువే గాని, ఓట్లు దొరికే మేరకే బిల్లును కుదించుకున్నారు. ఆ మూడింటిలో కాలానికి నిలిచిన మేలు ఎలక్ట్రానిక్ వెల్లడింపే. కానుకల నిషేధానికి దారులు వెతుక్కునేవారు ఎప్పుడూ ఉంటారు, కాని ఏ కాంట్రాక్టరు ఎవరికి ఎంత ఇచ్చాడన్నది ఒక్కసారి ప్రజల కంప్యూటర్లలోకి వచ్చాక దాన్ని తిరిగి బీరువాలో పెట్టడం కుదరదు. తర్వాతి దశాబ్దంలో షికాగో విలేకరులు బయటపెట్టిన విరాళాల బంధాలు చాలావాటికి ఆధారం ఆ దస్త్రాలే.

ఇక వివాదం రేపిన సంగతికి వస్తే, ఇల్లినాయ్ సభ్యుడి ముందు మూడు బటన్లు ఉంటాయి: అవును, కాదు, హాజరు. మూడో దాన్ని అక్కడ ప్రెజెంట్ ఓటు అంటారు. సభలో ఉన్నాను గాని ఏ పక్షమూ చెప్పడం లేదని పైకి దాని అర్థం. కాని నెగ్గడానికి ఎన్నికైన సభ్యుల్లో సగానికి మించిన అనుకూల ఓట్లు కావాలి కాబట్టి, ఫలితం దృష్ట్యా ప్రెజెంట్ ఓటు వ్యతిరేక ఓటుతో సమానమే. ఒక బిల్లుకు 29 మంది అవును, 20 మంది కాదు, 10 మంది హాజరు అన్నారనుకుంటే, సెనేట్‌లో అది ఓడిపోయినట్టే. ఎనిమిదేళ్ళలో సుమారు 4,000 ఓట్లు వేసిన ఒబామా దాదాపు 130 సార్లు ప్రెజెంట్ అన్నారని, వాటిలో కనీసం 36 సందర్భాల్లో ఆయన ఒంటరిగానో, ఆరుగురికి మించని చిన్న గుంపులోనో ఉన్నారని 2007 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక లెక్క తేల్చింది. అధ్యక్ష పదవికి పోటీ సాగుతున్న రోజులు కావడంతో, ప్రత్యర్థులు దాన్ని పిరికితనంగా చిత్రించారు.

ఆ ఆరోపణను విడదీసి చూడాలి. గర్భస్రావానికి సంబంధించిన బిల్లుల్లో ప్రెజెంట్ ఓటు వేయడం, ఆ హక్కు కోసం పనిచేసే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ సంస్థ రాష్ట్ర శాఖతో కలిసి వేసుకున్న వ్యూహం. అధికార పక్షమైన రిపబ్లికన్లు, కష్టమైన నియోజకవర్గాల్లోని డెమొక్రాట్ల మీద కరపత్రాలు వేయడానికి వీలుగా కొన్ని బిల్లులను కావాలనే ఓటింగుకు తెచ్చేవారు, వాటికి కాదు అనకుండానే కాదన్న ఫలితం రాబట్టే మార్గంగా ఇది వాడుకలో ఉండేది. సురక్షితమైన నియోజకవర్గం ఉన్న ఒబామా వంటివారు అందులో చేరడం, ఇబ్బందిలో ఉన్నవారికి తోడుగా నిలవడం కోసమే. మరికొన్ని బిల్లుల విషయంలో ఉద్దేశం మంచిదైనా రాజ్యాంగం ముందు నిలవదన్న అభిప్రాయాన్ని, రాజ్యాంగ శాస్త్రం బోధించే వ్యక్తిగా, ఆయన ఈ రూపంలో తెలిపారు. కాని అన్నిటికీ ఈ సమర్థన అతకదు. బడి పరిసరాల్లో తుపాకి పేల్చిన మైనరును పెద్దవాడిగానే విచారించాలన్న 1999 నాటి బిల్లు వంటి చోట, దానికి వ్యతిరేకమైతే కాదు అనే ఓటు ఉండనే ఉంది. వ్యూహం కోసం వేసిన ఓటునూ, చిక్కు తప్పించుకోవడానికి వేసిన ఓటునూ రికార్డు ఒకే అక్షరంతో నమోదు చేస్తుంది. తేడా తెలుసుకోవాలంటే సభా చర్చల ప్రతులు చదవాలి.

తెలుగు శ్రోతలకు ఈ సందర్భంలో ఒక పోలిక ఉపయోగపడుతుంది. భారత రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభలో నిర్ణయాలు, సభకు హాజరై ఓటు వేసిన సభ్యుల మెజారిటీతో జరుగుతాయి. తటస్థంగా ఉన్నవారు లెక్కలోకే రారు. పైన చెప్పిన 29, 20, 10 అంకెలతోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభలో గాని తెలంగాణ శాసనసభలో గాని సాధారణ బిల్లు మీద ఓటింగు జరిగితే ఆ బిల్లు నెగ్గుతుంది. అయితే అసలు తేడా మరొకటి ఉంది. తెలుగు రాష్ట్రాల్లో బిల్లులు సాధారణంగా మూజువాణి ఓటుతో, అంటే అనుకూలురు అవునని, ప్రతికూలురు కాదని అరిస్తే ఏ ధ్వని మిక్కుటమో సభాపతి తేల్చే పద్ధతితో, ఆమోదం పొందుతాయి; సభ్యులు పట్టుబట్టి డివిజన్ కోరితే తప్ప పేర్లు నమోదు కావు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరించిన తీర్మానం మూజువాణి ఓటుతోనే నెగ్గింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ అదే బిల్లును మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. తెలుగువారి ఆధునిక చరిత్రలో అంతకు మించిన నిర్ణయం లేదు, అయినా ఏ శాసనసభ్యుడు దానికి ఏ పక్షాన నిలిచాడో చెప్పే అధికారిక ఓటు జాబితా భావి చరిత్రకారుడికి దొరకదు.

దీనికి తోడు 1985లో 52వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పదో షెడ్యూలు ఉంది. పార్టీ జారీ చేసిన ఆదేశానికి, అంటే విప్‌కు, విరుద్ధంగా ముందస్తు అనుమతి లేకుండా ఓటు వేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ పదిహేను రోజుల్లోగా మన్నించకపోతే సభ్యత్వం పోతుంది. ఫిరాయింపుల సంతలను ఆపడానికి ఆ నియమం అవసరమైందన్నది నిజమే. కాని విప్ ఉన్న చోట పేర్లు నమోదు చేసినా, ఆ రికార్డు సభ్యుడి మనసును కాక పార్టీ ఆదేశాన్నే చూపుతుంది. హైదరాబాదులో పుట్టి మేరీల్యాండ్ ప్రతినిధుల సభకు 2010లో ఎన్నికైన అరుణా మిల్లర్, అదే నగరంలో పుట్టి 2020లో వర్జీనియా సెనేట్‌లో అడుగు పెట్టిన గజాలా హష్మీ అక్కడి చట్టాల మీద వేసిన ప్రతి తుది ఓటూ పేరుతో సహా దొరుకుతుంది. వారు పుట్టిన నగరంలోని శాసనసభలో కూర్చునే సభ్యుల విషయంలో ఆ సౌకర్యం పౌరులకు లేకపోవడం సరిదిద్దవలసిన లోపం. డివిజన్‌ను అసాధారణంగా కాక మామూలు పద్ధతిగా మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు, సభా నియమావళిని మార్చుకుంటే సరిపోతుంది.

పేరుతో నమోదైన ఓటు కూడా అన్నివేళలా సభ్యుడి ఉద్దేశాన్ని తెలపదు. ఒబామా కనీసం ఆరు సందర్భాల్లో తాను పొరపాటున వేరే బటన్ నొక్కానని సభలో ప్రకటించారు. అక్కడి నియమాల ప్రకారం ఆ వివరణ సభా కార్యకలాపాల్లో చేరుతుంది గాని, పడిన ఓటు మారదు. గైర్హాజరు కూడా రికార్డే. 1999 డిసెంబరులో, ఒకే బిల్లులో సంబంధం లేని విషయాలు కలపరాదన్న నియమాన్ని ఉల్లంఘించిందని రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టివేసిన నేర నియంత్రణ చట్టాన్ని తిరిగి తేవడానికి గవర్నరు జార్జ్ రయన్ ప్రత్యేక సమావేశం పిలిచారు. మే 31 తర్వాత ఆమోదించే బిల్లు వెంటనే అమలు కావాలంటే ఐదింట మూడు వంతుల మెజారిటీ, అంటే సెనేట్‌లో 36 ఓట్లు, కావాలి. ఆ ఓట్లు చాలలేదు. కుటుంబంతో హవాయిలో ఉన్న ఒబామా కుమార్తె అనారోగ్యం వల్ల తిరిగి రాలేకపోయారు, కొన్ని నెలల తర్వాత అప్పటి కాంగ్రెస్ సభ్యుడు బాబీ రష్ మీద పోటీ చేసిన కాంగ్రెస్ ప్రైమరీలో ఆ గైర్హాజరు ఆయనను వెంటాడింది.

రికార్డులో అసలే కనిపించని భాగం ఇంకా పెద్దది. సెనేట్‌లో ప్రవేశపెట్టిన బిల్లు ముందుగా రూల్స్ కమిటీకి వెళుతుంది, ఆ కమిటీ అధికార పక్ష నాయకుడి గుప్పిట్లో ఉంటుంది, అక్కడి నుంచి కదలని బిల్లుకు ఓటింగు ఉండదు. 1993 నుంచి 2003 ఆరంభం దాకా సెనేట్ అధ్యక్షుడిగా ఉన్న రిపబ్లికన్ నాయకుడు పేట్ ఫిలిప్ హయాంలో డెమొక్రాట్ల బిల్లులు ఎక్కువగా అక్కడే ఆగిపోయేవి. 2003లో ఎమిల్ జోన్స్ అధ్యక్షుడు కాగానే అదే ఒబామా పేరుతో చట్టాలు వరసగా వచ్చాయి: హత్య కేసుల్లో పోలీసులు నిందితుడిని ప్రశ్నించడాన్ని రికార్డు చేయాలన్న చట్టం సెనేట్‌లో ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా నెగ్గింది, రోడ్డు మీద పోలీసులు ఆపిన డ్రైవర్ల జాతి వివరాలు నమోదు చేయాలన్న చట్టమూ ఆ ఏడాదిదే. సభ్యుడు మారలేదు, సభ చేతులు మారింది.

సభ చేతులు మారడానికి కారణమూ ఒక ఎన్నికల నియమమే. పదేళ్ళకోసారి జనగణన తర్వాత నియోజకవర్గాల హద్దులు గీయడంలో శాసనసభ విఫలమైతే, రెండు పార్టీలకు సమాన సంఖ్యలో ఎనిమిది మంది ఉన్న కమిషన్ ఆ పని చేయాలి; అదీ తేల్చలేకపోతే, రెండు పార్టీల నుంచి చెరొక పేరు తీసుకుని చీటీ తీసి తొమ్మిదో సభ్యుడిని నిర్ణయించాలని ఇల్లినాయ్ రాజ్యాంగం చెబుతోంది. చీటీకి భయపడి పార్టీలు రాజీ పడతాయని రాజ్యాంగ రచయితలు ఆశించారు, పార్టీలు మాత్రం చీటీనే ఆశ్రయించాయి. 1991లో అది రిపబ్లికన్లకు కలిసివచ్చింది. 2001లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ జెస్సీ వైట్, లింకన్ ధరించిన తరహా పొడవాటి టోపీలోంచి తీసిన చీటీలో డెమొక్రాట్ పేరు వచ్చింది. ఆ తర్వాత గీసిన హద్దుల్లో ఒబామా నియోజకవర్గం మిషిగన్ సరస్సు ఒడ్డు వెంట ఉత్తరంగా సాగి, షికాగో సంపన్న ప్రాంతాలను కలుపుకుంది. 2004లో కేంద్ర సెనేట్‌కు పోటీ చేసినప్పుడు పనికొచ్చిన పరిచయాలు, నిధులు ఆ వీధుల్లో దొరికాయి. 2016 ఫిబ్రవరి 10న అధ్యక్షుడిగా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అదే జనరల్ అసెంబ్లీ ముందు మాట్లాడుతూ, ఓటర్లను నాయకులు ఎంచుకునే ఈ పద్ధతి పోవాలని ఆయన కోరారు. ఆ ఏడాది ఆగస్టులో, స్వతంత్ర కమిషన్‌కు ఆ పని అప్పగించాలన్న ప్రజా ప్రతిపాదనను రాష్ట్ర సుప్రీంకోర్టు నలుగురికి ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీతో కొట్టివేసింది. 2025లో టెక్సస్ రిపబ్లికన్లు మధ్యలోనే హద్దులు మార్చినప్పుడు, దానికి జవాబుగా కాలిఫోర్నియా డెమొక్రాట్లు తెచ్చిన కొత్త హద్దుల ప్రతిపాదనను ఒబామా సమర్థించారు. సంస్కరణ కోరే నాయకుడు తన పక్షం ఒక్కటే ఆయుధం దించడానికి ఎంతవరకు ఒప్పుకుంటాడన్న ప్రశ్నకు ఆయన జీవితం ఇప్పటికీ ఒకే సమాధానం ఇవ్వడం లేదు.

ఇల్లినాయ్ సంస్కరణల్లో ఆయన చేసిన అతి పెద్ద పని ఆయన ఓటింగు రికార్డులో లేదు. రాష్ట్రంతో 50,000 డాలర్లకు మించిన వ్యాపారం ఉన్న కాంట్రాక్టర్లు, ఆ కాంట్రాక్టులిచ్చే అధికారికి విరాళాలు ఇవ్వరాదన్న బిల్లును 2008లో శాసనసభ ఆమోదించింది. గవర్నరు రాడ్ బ్లగోయెవిచ్ దాన్ని సవరణలతో తిప్పిపంపారు; ఇల్లినాయ్ గవర్నరుకు ఉన్న ఈ అధికారాన్ని సవరణ వీటో అంటారు, సభలు రెండూ దాన్ని తోసిపుచ్చకపోతే బిల్లు చిక్కులో పడుతుంది. గవర్నరుకు సన్నిహితుడైన ఎమిల్ జోన్స్ సెనేట్‌ను సకాలంలో సమావేశపరచడానికి సిద్ధపడలేదు. అధ్యక్ష ఎన్నికకు కొన్ని వారాల ముందు ఒబామా తన పాత గురువుకు ఫోన్ చేసి ఒప్పించారు. సెప్టెంబరు 22న సెనేట్ 55కు సున్నా ఓట్లతో వీటోను తోసిపుచ్చింది. ఆ చట్టం 2009 జనవరి 1న అమల్లోకి రావలసి ఉండగా, గడువులోగా కాంట్రాక్టర్ల నుంచి వసూళ్ళు ముగించాలన్న గవర్నరు తొందర కేంద్ర దర్యాప్తు అధికారుల చెవిన పడింది. డిసెంబరు 9న ఆయన అరెస్టయ్యారు. ఒబామా ఖాళీ చేసిన కేంద్ర సెనేట్ స్థానాన్ని అమ్మజూపారన్నది అభియోగాల్లో ప్రధానమైనది. 2009 జనవరి 29న రాష్ట్ర సెనేట్ ఆయనను పదవి నుంచి తొలగిస్తూ వేసిన ఓట్లు 59కు 59. ఆ రోజు ప్రెజెంట్ బటన్ ఎవరూ నొక్కలేదు.

1998లో ఒబామా, డిల్లార్డ్ ముట్టుకోలేకపోయిన విరాళాల పరిమితి ఆ కుంభకోణం తర్వాతే సాధ్యమైంది. 2009 డిసెంబరులో గవర్నరు పాట్ క్విన్ సంతకం చేసిన చట్టం, ఒక వ్యక్తి అభ్యర్థికి ఇచ్చే విరాళాన్ని 5,000 డాలర్లకు, కంపెనీలూ కార్మిక సంఘాలూ ఇచ్చేదాన్ని 10,000 డాలర్లకు పరిమితం చేసి, 2011 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే పార్టీలూ, సభా నాయకులూ తమ అభ్యర్థులకు పంపే డబ్బుకు ప్రైమరీ దశలోనే పరిమితి పెట్టి, సార్వత్రిక ఎన్నికలో దాన్ని వదిలేశారు. అలా మిగిలిన అధికారంతో ప్రతినిధుల సభను నడిపిన స్పీకర్ మైకెల్ మాడిగన్ 2021 దాకా ఆ పదవిలో కొనసాగారు. లంచాల కేసులో ఆయనకు కేంద్ర న్యాయస్థానం 2025 జూన్‌లో ఏడున్నరేళ్ళ జైలుశిక్ష విధించింది.